స్నో డబ్బా తోరణం

మొన్న బొంరాస్‌పేటకు ఒక పెండ్లికి పోయి, నా కోటు గుండీలకు నేనే దండం పెట్టుకుని వచ్చాను.

మా స్టేషన్‌లో పనిచేసే పాయింట్స్‌మన్ కొడుకు పెండ్లి అది. మగపెండ్లివారి వెంట పోయిన మాకు ఒక రైతు ఇంట్లో విడిది ఇచ్చారు. పొద్దున స్నానం చేసి వచ్చేసరికి ఆ ఇంటి ఆడపిల్ల దేవుని అర్రలో దీపం పెడుతున్నది. ఇరవై ఏండ్లుంటాయేమో. ముఖం నిండా అమ్మవారి మచ్చలు. అర్రలో లక్ష్మి పటం, నరసింహస్వామి పటం, వాటి వెనక గోడకు ఆనించి ఒక పెద్ద మకరతోరణం. వెదురు బద్దల మీద అట్ట అంటించి, అట్ట మీద గిల్టు కాయితం అంటించి చేసింది. అటొక మకరం, ఇటొక మకరం, నడినెత్తిన తామరపువ్వు. గిల్టు సగం రాలిపోయింది గానీ మకరాల కండ్లు మాత్రం మెరుస్తున్నాయి. ఎందుకు మెరవవు? అవి రైల్వే వారి ఇత్తడి గుండీలు. నా కోటువి.

"ఇదేం తోరణమమ్మా?" అని అడిగాను, ఏమీ ఎరగనట్టు.

"మా అవ్వ తాండూరుకెళ్లి తెచ్చింది సారు. నా చిన్నప్పుడు. మస్తు మహిమ గల తల్లి. దండం పెట్టుకోరి," అన్నది.

పెట్టుకున్నాను. అది ముఖానికి రాసుకునే స్నో డబ్బా మూత మీది బొమ్మను పెంచి చేసిందని చెప్పడానికి నోటిదాకా వచ్చింది. కానీ మాకింకా అన్నాలు పెట్టలేదు. పరాయి ఊళ్లో కడుపు నిండకముందే దేవుళ్ల గుట్టు విప్పేటంత తెలివితక్కువవాణ్ని కాను.

ఆ తోరణం కట్టినవాడు నా షడ్డకుడు. అంటే నా భార్యకు అక్క మొగుడు. నేను అన్నా అని పిలిచేవాణ్ని. ఆయన పోయి ఏడాది కావస్తున్నది. ఉండి ఉంటే, ఆ అర్రలోకి వచ్చి, దేవుళ్లను పక్కకు జరిపి, ఒక కన్ను మూసి చూసి, "ఎడమ దిక్కు జర ఒరిగింది" అని ఉండేవాడు. దేవుళ్ల మీద ఆయనకు భక్తి లేక కాదు. ఎవరైనా సరే తోరణానికి నడిమధ్యన నిలబడాలని ఆయన పట్టుదల.

మా మామకు తాండూరు బజారులో దుకాణం. కొడుకులు లేరు, ఇద్దరు కూతుండ్లు. పెద్దకూతురికి ఇల్లరికపు అల్లుణ్ని తెచ్చుకున్నాడు. పోలీసు యాక్షన్ జరిగి అంతా సద్దుమణిగిన కొత్తలో, హైదరాబాదులో ఒక పెద్ద ఫ్యాన్సీ దుకాణంలో పనిచేస్తున్న పిల్లవాడని, తెలివైనవాడని, కోటు వేసుకుంటాడని విని తెచ్చుకున్నాడు. కోటు మాట నిజమే. తాండూరులో కందులు, బెల్లం, ఉప్పు తూకం వేసే దుకాణంలో ఎండాకాలం నడిమధ్యాహ్నం కోటు వేసుకుని కూర్చున్న మనిషి ఆయన ఒక్కడే. రైల్వేవాళ్లం మాకైతే జీతం ఇచ్చి వేసుకోమంటారు.

ఇల్లరికపు అల్లుడి బతుకు ఎట్లా ఉంటుందో వేరే చెప్పాలా. అన్నం వాళ్లది, మంచం వాళ్లది, ఆఖరుకు దగ్గు వస్తే దగ్గే వసారా కూడా వాళ్లది. గల్లా పెట్టె దగ్గర మామ కూర్చుంటాడు. తక్కెడ జీతగాడి చేతిలో ఉంటుంది. ఈయనకు ఆ ఇంట్లో తనది అని చెప్పుకోవడానికి ఏమీ లేదు. అందుకని ఒక కిటికీ పెట్టించుకున్నాడు.

అంతకుముందు ఆ దుకాణానికి పలకల తలుపులు తప్ప కిటికీ అన్న మాటే లేదు. పక్క గోడ పగలగొట్టించి, నిలువెత్తు అద్దం హైదరాబాదు నుంచి రైలులో తెప్పించాడు. దాన్ని తాండూరు స్టేషన్‌లో దించిన రోజు నేనూ ఉన్నాను. అద్దం చుట్టూ గడ్డి కట్టి, మీద గోనెలు చుట్టి, నలుగురు మోస్తుంటే, ఈయన ముందు నడుస్తూ దారికి అడ్డమొచ్చిన ఎడ్లనూ మనుషులనూ సమానంగా తోలాడు. ఏదో శవమనుకుని ఒకాయన తలగుడ్డ తీసి పక్కకు నిలబడ్డాడు.

మామ వచ్చి ఆ అద్దాన్ని చూశాడు. ఆయన కోపం వస్తే మర్యాద పెంచేవాడు.

"అల్లుడు సాబ్," అన్నాడు, "గిండ్ల ఏం పెడ్తరు?"

"ఏం పెట్టను మామా."

"ఏం పెట్టకుంటే గింత పెద్ద అద్దం దేనికి?"

"కిటికీల సామాను పెట్టొద్దు మామా. ఆశ పెట్టాలె. సామాను లోపల ఉంటది. ఆశ పట్టుకొని మనిషే లోపలికొస్తడు."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఒకడు. మామ ఒక గడువు పెట్టాడు. దసరా నుంచి దీపావళి దాకా ఆ కిటికీ అల్లుడిది. దాని వల్ల దుకాణానికి పైకం వచ్చినా సరే, ఏదైనా కంపెనీ ఏజెన్సీ వచ్చినా సరే, కిటికీ ఉంటుంది. లేదంటే దీపావళి తెల్లవారి అందులో కందుల బస్తాలు పడతాయి. అల్లుడు ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఎక్కడికి పోతాడు.

ఇక్కడ ఆ స్నో కంపెనీ సంగతి చెప్పాలి. పేరెందుకు లెండి, ఇప్పుడు ఆ డబ్బాలు రావడం లేదు. వాళ్ల డబ్బాల మీద, పౌడరు మీద, సబ్బుల మీద, అన్నిటి మీదా ఒకటే గుర్తు. మకరతోరణం, దాని కింద తామరలు. తరతరాల శోభ అని మూత అంచు చుట్టూ రాసి ఉండేది. ఆ గుర్తును తీసుకుని కిటికీలు అలంకరించిన దుకాణాలకు కంపెనీ మనిషి వచ్చి చూస్తాడని, నచ్చితే ఆ ఊరి ఏజెన్సీ ఇస్తాడని కబురు వచ్చింది. అది విన్న రోజు నుంచి నా షడ్డకుడు అన్నం తినేటప్పుడు కూడా విస్తరి అంచున వేలితో తోరణం గీసేవాడు.

మా వదిన, అంటే ఆయన భార్య, నాకు మజ్జిగ ఇస్తూ అన్నది: "ఇంట్ల ఉప్పు నిండుకుంటే చెప్పేటోడు లేడు మరిదీ. కిటికీల మాత్రం తామరలు పూస్తున్నయి." కోపంగా అనలేదు. పైగా ఆ తామరలకు కాయితం కత్తిరించి ఇచ్చింది ఆమే.

ఆ రోజుల్లోనే ఒకసారి వికారాబాద్ వచ్చాడు. నేను అక్కడ స్టేషన్‌లో టికెట్లు ఇచ్చే గుమాస్తాను. బుకింగ్ గది కిటికీకి అవతల నిలబడి లోపలికి తొంగి చూసి, నా టికెట్ల బీరువా ముఖం మీద కొట్టినట్టు ఉందన్నాడు. టికెట్లు రంగురంగులవి కదా, వాటిని అట్లా ఊరి పేర్ల వరస ప్రకారం పెట్టడం అన్యాయమన్నాడు. నేను టీ తాగి వచ్చేలోగా మార్చి పెట్టాడు. తెల్లవన్నీ పైన వంపుగా, పచ్చవి కింద, మధ్యలో ఖాళీ. బాగుందో లేదో చెప్పడానికి నాకు తీరిక దొరకలేదు. పర్లీ బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది, కిటికీ ముందు జనం, ఎవరికి ఏ ఊరు ఇచ్చానో ఆ దేవుడికే తెలియాలి. మర్పల్లి పోవలసిన ముసలాయన ఒకడు జహీరాబాదు టికెట్ పట్టుకుని సంతోషంగా పోయాడు.

"జర దూరంకెళ్లి సూడు తమ్మీ," అన్నాడు నా షడ్డకుడు బయటి నుంచి. "దగ్గర నిలబడి సూస్తే ఏదైనా పరేషానే."

అది ఆయన ఊతపదం. కూర ఉప్పుగా ఉందంటే అదే మాట. చొక్కా చిరిగిందంటే అదే మాట. పోయేటప్పుడు, మకరాలకు కండ్లు దొరకడం లేదని చెప్పి, చిలక్కొయ్యకు తగిలించిన నా యూనిఫారం కోటు నుంచి రెండు గుండీలు కోసుకుని పోయాడు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. ఈయనది రైల్వే సొమ్ము షడ్డకుడి దానం. అప్పటి నుంచి పిన్నీసు పెట్టుకునే తిరుగుతున్నాను.

దసరాకు కిటికీ తయారైంది. నిజం చెప్పొద్దూ, నాకే నోరు తెరుచుకున్నది. నల్లటి గుడ్డ వెనక కట్టి, దాని మీద బంగారు మకరతోరణం, నా గుండీలు ధగధగా మెరుస్తూ. కింద కాయితపు తామరలు. నడుమ కంపెనీవాళ్లు పంపిన నిలువెత్తు అట్ట బొమ్మ. పట్టుచీర కట్టుకున్న అందమైన ఆడమనిషి, ఒక చేయి పైకెత్తి, అరచేతిలో స్నో డబ్బా పట్టుకుని నవ్వుతున్నది. ఆమె పాదాల దగ్గర రెండు దీపాలు. అంతే. ఉప్పు లేదు, బెల్లం లేదు, ధర రాసిన చీటీ లేదు. రోడ్డుకు అవతల సైకిళ్ల దుకాణం ముందు నిలబడి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూసుకున్నాడు.

ఇంకెవరికైనా ఏ గుర్తయినా గుర్తుకు రావచ్చు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కందుల బండ్లు తోలుకుని వచ్చిన రైతుకు, మకరతోరణం కింద దీపాల వెలుగులో చేయి ఎత్తి నవ్వుతున్న ఆడమనిషి కనిపిస్తే ఏం గుర్తుకొస్తుంది? మొదటి రోజు పొద్దుటే ఒకాయన చెప్పులు విడిచాడు. రెండో ఆయన అద్దానికి పసుపు రాసి కుంకుమ పెట్టాడు. సేడం వైపు నుంచి వచ్చిన కన్నడాయన ఒకడు చేతులు జోడించి, "ఇదు యావ దేవ్రు?" అని అడిగాడు.

"దేవుడు గాదు, స్నో," అన్నాడు నా షడ్డకుడు.

"స్నోవమ్మ," అనుకుంటూ ఆయన ఎడ్లను అదిలించాడు.

ఆ వారం బజారు రోజుకు అద్దం ముందు కొబ్బరిచిప్పలు కుప్ప పడ్డాయి. నా షడ్డకుడు కోటు చేతులు పైకి మడిచి, తడిగుడ్డతో కుంకుమ తుడుస్తూ, వచ్చినవాడికల్లా చెప్పేవాడు. "గిది గుడి గాదు. ముఖానికి రాసుకునేది. తెల్లగైతరు." వాళ్లు భయభక్తులతో తలూపి, "తల్లి దయుంటే అన్నీ ఐతయి" అని ఇంకొంచెం కుంకుమ పెట్టేవాళ్లు. ఆయన తుడవడాన్ని కూడా కడిగి శుద్ధి చేసే సేవ అనుకున్నారు. పూజారి కోటు వేసుకోవడం కొత్తగా ఉందని మాత్రం కొందరు అన్నారట.

మామకు రొట్టె విరిగి నేతిలో పడ్డది. కొబ్బరికాయలు ఆయన దగ్గరే ఉన్నాయి. కర్పూరం ఆయన దగ్గరే ఉన్నది. అగరుబత్తీలు, పసుపు, కుంకుమ, ఎర్ర రవికె గుడ్డ, అన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. కిటికీ వల్ల స్నో డబ్బా ఒక్కటి కూడా కదలలేదు గానీ, కొబ్బరికాయల కోసం పరిగికి మనిషిని పంపవలసి వచ్చింది.

"అల్లుడా," అన్నాడు మర్యాద తగ్గించి, అంటే ప్రేమగా, "నీ మాట నిజమే బిడ్డా. ఆశ పట్టుకొని లోపలికొస్తున్నరు. కిటికీ ఉండనియ్యి. ఇంకో రెండు దీపాలు పెట్టు."

"గది కిటికీ గాదు మామా. గుడి చేసిన్రు."

"ఏదైతే ఏంది. బస్తాలైతే పెడ్తలేను గదా."

మింగలేక కక్కలేక ఉన్నది నా షడ్డకుడి పని. కిటికీ దక్కింది. కానీ ఆయన కట్టింది ఎవరికీ కనపడడం లేదు. వాళ్లందరికీ ఇంకేదో కనపడుతున్నది. ఆ బాధ నాకు చెప్పుకుంటే నేను నవ్వాను. నవ్వక ఏం చేస్తాను, నాకు ఆ రోజు ప్రసాదం కొబ్బరి దోసెడు దొరికింది. ఇక ఆయన ఆశంతా కంపెనీ మనిషి మీదే పెట్టుకున్నాడు. చదువుకున్నవాడు వచ్చి, కిటికీని కిటికీగా చూసి, బాగుందని ఒక్క మాట అంటే చాలు. ఏజెన్సీ వస్తే కొబ్బరికాయలతో పనిలేకుండా కిటికీ నిలుస్తుంది.

కంపెనీ మనిషి దీపావళి ముందు, సరిగ్గా బజారు రోజునే దిగాడు. నేనే వికారాబాద్‌లో ఆయన వెంట బండెక్కి తీసుకుని పోయాను. మద్రాసులో తర్ఫీదు పొందినవాడు. మాట తేనె, తల నూనె. నా షడ్డకుడు తెల్లవారకముందే లేచి అద్దం కడిగి, కొబ్బరిచిప్పలు ఎత్తించి, దారికి అడ్డంగా తాడు కట్టించాడు. కంపెనీ మనిషిని రోడ్డుకు అవతలికి తీసుకుపోయి నిలబెట్టి, "జర ఈడికెళ్లి సూడుండ్రి" అన్నాడు. ఆయన చూశాడు. కండ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "మా మూత మీది తోరణాన్ని ఇంత చక్కగా కట్టినవారిని ఎక్కడా చూడలేదండీ," అన్నాడు. నా షడ్డకుడి ముఖం ఎట్లా వెలిగిందంటే, కంపెనీ పౌడరు ఏదీ ఆ పని చేయలేదు.

అప్పుడే బండి ఒకటి వచ్చి కిటికీ ముందు ఆగింది. అందులో నుంచి ఒక ముసలవ్వ దిగింది, నెత్తి మీద బోనం కుండతో. చంకలో కోడిపుంజు. వెనక ఐదారేండ్ల మనుమరాలు. పిల్ల ముఖం మీద అమ్మవారి మచ్చలు ఇంకా పచ్చిగా ఉన్నాయి.

సంగతి ఇది. దసరా ముందు పిల్లకు అమ్మవారు పోస్తే, పండుగ తెల్లవారి ఒళ్లు తెలియని పిల్లను బండిలో వేసుకుని అవ్వ తాండూరు దవాఖానకు తెచ్చింది. దారిలో ఈ అద్దంలోని తల్లి కనపడింది. పిల్ల బతికితే బోనం తెచ్చి కోడిని కోస్తానని మొక్కింది. పిల్ల బతికింది. కోడిపుంజుకు కాలం దగ్గరపడింది. అవ్వ తాడు దాటి వచ్చి, అద్దం ముందు కుండ దించి, నడుముకు దోపుకున్న కత్తి తీసింది.

మా మామ గద్దె మీద నుంచి లేచిన వేగం ఆయన పెండ్లిలో కూడా చూపించి ఉండడు. వాళ్లది ఉల్లిగడ్డ కూడా తినని ఇల్లు. కొబ్బరికాయ కొట్టినంత సేపు దేవతే. గడప మీద నెత్తురు పడబోయేసరికి ఆయనకు ఒక్కసారిగా జ్ఞానోదయమైంది.

"అల్లుడా, జెప్పరాదే. గిది దేవత గాదు, స్నో అని జెప్పు. అందరికీ జెప్తవు గదా," అన్నాడు.

దసరా నుంచి గొంతు చించుకుని చెబుతున్న మనిషి, చెప్పమని మామే బతిమాలుతుంటే నోరు మెదపలేదు. పిల్లను చూస్తున్నాడు. పిల్ల మాత్రం ఎవరినీ చూడడం లేదు. అద్దానికి ముక్కు ఆనించి, లోపలి అట్ట బొమ్మ ముఖాన్ని చూస్తున్నది. ఒక్క మచ్చ లేని ముఖం. చూసి చూసి, తన చెంప తడుముకుని, ఈయన వైపు తిరిగింది.

"తల్లి నా మచ్చలు పోగొడ్తదా?"

కంపెనీ మనిషి చటుక్కున వంగాడు. ఆయన కోసమే పుట్టిన ప్రశ్న అది. "ఎందుకు పోవు పాపా? రోజూ పొద్దున సాయంత్రం మా స్నో రాస్తే నెల తిరక్కుండా మాయమవుతాయి," అని, "ఇవ్వండి ఒక డబ్బా, చూపిద్దాం" అన్నాడు నా షడ్డకుడితో. చుట్టూ బజారు జనం. వాళ్లందరి ఇండ్లల్లోనూ అట్లాంటి ముఖాలు ఉన్నాయి. ఈయన అవునంటే చాలు, ఆ పూటకు దుకాణంలో డబ్బా మిగలదు, ఏజెన్సీ ఎక్కడికీ పోదు, కిటికీ పదికాలాలు ఉంటుంది.

నా షడ్డకుడు లోపలికి పోయి డబ్బా తెచ్చాడు. మూత తీశాడు. పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు, కోటుతో సహా మట్టిలో. వేలితో ఇంత తీసి ఆ చెంపలకు మెల్లగా రాశాడు.

"మచ్చలు పోవు బిడ్డా," అన్నాడు. "దీనితోని పోవు. సల్లగుంటది, గంతే."

పిల్ల మళ్లీ చెంప ముట్టుకుని చూసుకున్నది. "సల్లగుంది," అన్నది.

కంపెనీ మనిషి నిలబడి కండ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది, ఆ జేబులోకి ఏజెన్సీ కూడా పోయిందని.

అవ్వ కత్తి పట్టుకుని అట్లాగే ఉన్నది. నా షడ్డకుడు లేచి, ఆమెతో చాలా గౌరవంగా మాట్లాడాడు. "అవ్వా, గీ తల్లి కోడి ముట్టదు. కోమటోళ్ల ఇంట్ల ఉండి అలవాటైంది. నువ్వు మొక్కుకున్నవు గాబట్టి నీ ఊరికి వస్తనంటున్నది. కొంచవోతవా?" అన్నాడు. ఆమె సమాధానానికి ఆగలేదు. అద్దం పక్క తలుపు తీసి, తోరణాన్ని మకరాలతో, తామరలతో, నా గుండీలతో సహా బయటికి తెచ్చి, ఎత్తుకుని పోయి బండిలో పడుకోబెట్టాడు. కదలకుండా చుట్టూ గడ్డి పెట్టాడు. అట్ట బొమ్మను మాత్రం కంపెనీ మనిషి మాది అని తీసుకున్నాడు. అవ్వకు బొమ్మ లేకపోయినా బాధ లేదు. తోరణం ఉంటే తల్లి దానంతట అదే వస్తుందని ఆమె నమ్మకం. మొన్న చూశాను, వచ్చింది, పటాల రూపంలో.

బండి వెంబడి కొద్ది దూరం నడిచి, "గోడకు తాపినప్పుడు ఎడమ దిక్కు ఒరగకుండ సూడు అవ్వా" అని చెప్పి వచ్చాడు. కోడిపుంజు బతికి బయటపడింది. ఆ కిటికీ వల్ల నిజంగా మేలు పొందింది అదొక్కటే అని నేను చాలా రోజులు అంటూ ఉండేవాణ్ని.

దీపావళి తెల్లవారి మామ మాట తప్పలేదు. కందుల బస్తాలు పడ్డాయి. నా షడ్డకుడు అడ్డం చెప్పలేదు. రెండు రోజులు గడిచాక, ఆ బస్తాల మూతులు మడిచి, వంచి, నిలబెట్టి, చూస్తుండగానే కందులూ పెసళ్లూ మిరపకాయలూ బెల్లపు దిమ్మలూ కలిపి మళ్లీ తోరణం కట్టాడు. బెల్లపు మకరాలు. మిరపకాయల తామర. మకరం కంటికి పిడికెడు పెసళ్లు. మామ చెప్పింది చెప్పినట్టు చేశాడు, బస్తాలు పెట్టమన్నాడు, పెట్టాడు. కాదనడానికి మామకు దారి లేదు.

కాదనలేదు గానీ, ఊరుకోనూ లేదు. మొదటిరోజే ఒక రైతు వచ్చి, "సేటూ, గా కిటికీలకెళ్లి సోలెడు పెసళ్లు ఇయ్యి, గవి మంచిగున్నయి" అన్నాడు. లోపల బస్తా నిండా అవే పెసళ్లు ఉన్నాయి. మామ లేచి పోయి, సోల పెట్టి, మకరం కన్ను తవ్వి అమ్మేశాడు. నా షడ్డకుడు రోడ్డుకు అవతల నుంచి చూస్తున్నాడు. సాయంత్రం మళ్లీ కన్ను పెట్టాడు. అది మొదలు ఏండ్లకేండ్లు ఇదే భాగవతం. పొద్దున ఈయన కడతాడు, మధ్యాహ్నానికి ఆయన అమ్ముతాడు. ఒకసారి బెల్లం తోక, ఒకసారి తామర సగం. ఇద్దరూ దాని మీద ఒక్క మాట మాట్లాడుకోలేదు. వేరే మామా అల్లుళ్లు గొడ్డండ్లు పట్టుకునే చోట వీళ్లు పెసళ్లతో సరిపెట్టుకున్నారు. ఆ లెక్కన మంచి కుటుంబమే.

నిరుడు నా షడ్డకుడికి దమ్ము, అదే ఉబ్బసం, ముదిరితే అనంతగిరి దవాఖానలో పెట్టాం. వికారాబాద్‌కు దగ్గర కదా, రోజూ అన్నం డబ్బా నేనే తీసుకుపోయేవాణ్ని. మంచం మీద కూర్చుని, ఎదుటి అల్మారాలో మందు సీసాలు ఎట్లా పెట్టారో చూసి బాధపడేవాడు. దమ్ము కంటే అదే ఎక్కువ ఇబ్బంది పెట్టినట్టుంది. ఒకరోజు అడిగాను, ఎన్నాళ్ల నుంచో అడగాలనుకున్నది.

"అన్నా, ఆ పిల్లకు మచ్చలు పోతయని ఒక్క మాట అంటే ఏం పోతుండె? నీ కిటికీ నీకుండేది."

చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

"అద్దానికి అవతల ఉన్నదానితోని ఎన్ని అబద్ధాలైనా చెప్పిస్త తమ్మీ. గదే నా పని. గా పోరి ఇవతల నిలబడి నన్ను అడిగింది గదా," అన్నాడు. కొంచెం ఆగి, "నువ్వు మంచానికి జర దూరం జరుగు, గాలాడుతలేదు" అన్నాడు. నేను జరిగాను. ఆయన ఒక కన్ను మూసి నన్ను చూసి, నీ కోటుకు ఆ పిన్నీసు అసహ్యంగా ఉందన్నాడు. ఆ మనిషిని అప్పుడు కొట్టాలనిపించింది, కావలించుకోవాలనిపించింది. రెండూ చేయకుండా అన్నం కలిపి పెట్టాను. అదే ఆఖరిసారి.

పన్నెండో రోజు అయిపోయాక తాండూరులో దుకాణం తెరిచారు. దవాఖానకు వచ్చే ముందు ఆయన కట్టిన తోరణం కిటికీలో అట్లాగే ఉన్నది. మిరపకాయలు ఎండి ముడుచుకున్నాయి. బెల్లానికి చీమలు పట్టాయి. జీతగాడు వచ్చి, అవి తీసి బస్తాలు సర్దనా అని అడిగాడు. మామ వినిపించుకోలేదు. ఆయనకు వయసు మీద పడింది, చెవులు సరిగా పనిచేయవు అని జీతగాడు అనుకున్నాడు. నేను అక్కడే గద్దె పక్కన కూర్చుని ఉన్నాను.

ఒక రైతు వచ్చాడు. కొత్తవాడు. కిటికీ వైపు వేలు చూపించి, "సేటూ, గా మొసలి కండ్లల్ల ఉన్న పెసళ్లు సోలెడు ఇయ్యి" అన్నాడు.

మామ చేయి అలవాటు కొద్దీ సోల మీదికి పోయింది. సోలను పట్టుకున్నది. మళ్లీ కింద పెట్టింది.

"గవి అమ్మేటియి గావు," అన్నాడు.

"మరి దేనికి పెట్టినవు?"

మామ గద్దె దిగాడు. కర్ర పట్టుకుని, ఆ మనిషి భుజం మీద చేయి వేసి, గడప దాకా నడిపించి, రోడ్డుకు అవతల సైకిళ్ల దుకాణం చూపించాడు.

"గాడ నిలబడు. జర దూరంకెళ్లి సూడు," అన్నాడు.

అతను రోడ్డు దాటి నిలబడ్డాడు. చూశాడు. చాలాసేపే చూశాడు. పెసళ్లు కొనకుండానే పోయాడు.